ప్యాకెట్ నలుపు మీద కారమెల్ బ్రౌన్: రెండు సిట్టింగ్‌ల కేస్ స్టడీ

క్లయింట్ వయసు 34, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. జుట్టు వీపు సగం దాటి 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒత్తైన జుట్టు, వెంట్రుక మందం మధ్యస్థం. ఫోన్‌లో తెచ్చిన ఫొటోలో మొదళ్లు ముదురుగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ బూడిద ఛాయ కలిసిన లేత గోధుమ రంగు ఉంది. చెల్లి పెళ్లికి ఇంకా రెండు నెలలుంది. “ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుందా అండీ?” అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న.

జుట్టు మీద ఇప్పటిదాకా ఏమేం పడ్డాయో తెలియకుండా దీనికి జవాబు చెప్పకూడదు. “ఇంతకు ముందు కలర్ వేయించారా మేడమ్?” అని అడిగితే చాలామంది లేదనే అంటారు. ఇంట్లో పెట్టుకున్న గోరింటాకునీ, నెలనెలా వేసుకునే చవక డై ప్యాకెట్‌నీ ఎవరూ ఆ లెక్కలో వేయరు. అందుకే ఒక్కొక్కటీ విడిగా అడగాలి. గోరింటాకు పెట్టారా, అందులో నీలి ఆకు పొడి కలిపారా, ప్యాకెట్ డై వేశారా, స్మూతనింగ్ గానీ కెరటిన్ గానీ చేయించారా, తలస్నానానికి బోరు నీళ్లా, మునిసిపల్ నీళ్లా, పెళ్లిళ్లలో నల్ల మెహందీ కోన్ పెట్టించుకుంటే చేతులు దురద పెట్టాయా. చివరి ప్రశ్న ఎందుకో ప్యాచ్ టెస్ట్ దగ్గర చెబుతాం.

అడిగాక తేలింది ఇదీ. రెండేళ్ల పైచిలుకు క్రితం దాకా గోరింటాకు. తర్వాత దాదాపు రెండేళ్లు నెలకోసారి నల్ల పొడి ప్యాకెట్. తెల్ల వెంట్రుకలు కణతల దగ్గరే ఉన్నా ప్రతిసారీ కొసల దాకా పూసేశారు. మూడు నెలల నుంచి ఏమీ వేయలేదు. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు. నీలి ఆకు లేదు, స్మూతనింగ్ లేదు.

వెంట్రుక నెలకు సుమారు 1 నుంచి 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆ లెక్కన చూస్తే ఈ తలమీద ఉన్నది మూడు రకాల జుట్టు. మాడు నుంచి 4 సెంటీమీటర్ల దాకా ఏ రసాయనమూ తగలని సహజమైన జుట్టు, కణతల దగ్గర నెరుపుతో సహా. 4 నుంచి 30 సెంటీమీటర్ల దాకా ప్యాకెట్ నలుపు. 30 నుంచి కొసల దాకా అడుగున గోరింటాకు, దానిమీద పొర మీద పొరగా అదే నలుపు, పైన బోరు నీళ్లలోని ఖనిజాలు. అద్దంలో చూస్తే ఈ మూడూ ఒకే నలుపు. బ్లీచ్ తగిలిన పది నిమిషాల్లో మూడు దారుల్లో పోతాయి. ఇక్కడి నుంచి ప్రతి నిర్ణయం ఈ మూడు భాగాలను విడివిడిగా చూసి తీసుకున్నదే.

లెవెల్ లెక్క

హెయిర్ కలర్‌లో 1 అంటే కటిక నలుపు, 10 అంటే అతి లేత బ్లాండ్. మన దగ్గర ఎక్కువమంది సహజ జుట్టు 1 నుంచి 3 మధ్య ఉంటుంది. ఈ క్లయింట్‌ది 2. లేత చేసేటప్పుడు జుట్టు సహజ రంగైన మెలనిన్‌లోని ముదురు భాగం ముందు పోయి, అడుగున ఉన్న వెచ్చటి రంగు బయటపడుతుంది. లెవెల్ 4 దగ్గర ఎరుపు, 5 దగ్గర ఎర్ర నారింజ, 6 దగ్గర నారింజ, 7 దగ్గర పసుపు నారింజ, 8 దగ్గర పసుపు, 9, 10 దగ్గర లేత పసుపు. ఈ మెట్లను దాటవేసే మందు ఏ కంపెనీ దగ్గరా లేదు.

ఫొటోలోని బూడిద ఛాయ రావాలంటే జుట్టు కనీసం 9 దాకా ఎక్కాలి. 2 నుంచి 9 అంటే ఏడు మెట్లు. నాలుగేళ్ల సరుకు మోస్తున్న కొసలు అంత దూరం తట్టుకోవు. 7 దగ్గర ఆగి దానిమీద బూడిద ఛాయ వేస్తే వచ్చేది ఫొటోలోని రంగు కాదు, ఆకుపచ్చ తిరిగిన బురద రంగు. కారమెల్, తేనె రంగు, చెస్ట్‌నట్ లాంటివి సరిగ్గా ఆ 6, 7 లెవెళ్ల వెచ్చదనంలోనే ఉంటాయి. మన జుట్టులో సహజంగా బయటపడే నారింజను శత్రువుగా చూసి మొత్తం చంపేయడం కన్నా, సగం తగ్గించి మిగతా సగాన్ని రంగులో భాగంగా వాడుకుంటే జుట్టు మిగులుతుంది, రంగు కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. క్లయింట్‌కు 7 లెవెల్ స్వాచ్‌లు, అంటే రంగు నమూనా పాయలు, ముఖం పక్కన పెట్టి చూపించాక కారమెల్‌కు ఒప్పుకున్నారు. ఫొటోను పక్కన పెట్టించడం ఈ పనిలో మొదటి మెట్టు. అక్కడ మొహమాటపడితే తర్వాతి గొడవలన్నీ దాని నుంచే పుడతాయి.

ఇంకో మాట కూడా అప్పుడే చెప్పేశాం. పర్మనెంట్ కలర్ సహజ జుట్టును కొన్ని మెట్లు లేత చేయగలదు గానీ, ముందే వేసి ఉన్న కృత్రిమ రంగును లేత చేయలేదు. నల్ల డై మీద 7 నంబర్ ట్యూబ్ వేస్తే మాడు దగ్గరి 4 సెంటీమీటర్లు మాత్రం వెచ్చగా తేలిపోయి, కింద అంతా నల్లగానే ఉంటుంది. ఇంట్లో ప్రయత్నించి సెలూన్‌కు వచ్చే తలల్లో తరచూ కనిపించేది ఇదే.

పరీక్షలు

ప్యాచ్ టెస్ట్ రంగు వేయడానికి 48 గంటల ముందు. వాడబోయే ట్యూబ్‌తోనే, తయారీదారు చెప్పిన పద్ధతిలో, చెవి వెనకో మోచేతి మడతలోనో చిన్న బొట్టు. నల్ల ప్యాకెట్లలోనూ, చాలా పర్మనెంట్ ట్యూబుల్లోనూ పీపీడీ (పారా ఫినైలిన్ డయమిన్ అనే డై రసాయనం) గానీ దాని దగ్గరి రసాయనాలు గానీ ఉంటాయి. ఏళ్ల తరబడి పడి, ఒక రోజు హఠాత్తుగా పడకపోవచ్చు. ముఖం వాచేదాకా వెళ్లే అలర్జీ ఇది. అరగంటలో ముదురు రంగు పండే నల్ల మెహందీ కోన్‌లలో కూడా పీపీడీ కలుపుతారు. దానివల్ల చేతులు పొక్కినవాళ్ల తలకు ఇలాంటి కలర్ వేయకూడదు. ‘అమ్మోనియా లేదు’ అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన పీపీడీ లేదని కాదు. ఈ కేసులో 48 గంటల్లో దురద గానీ ఎర్రదనం గానీ రాలేదు.

రెండోది లోహ లవణాల పరీక్ష. ప్యాకెట్ వెనుక గోరింటాకు పొడి, పీపీడీ రాసి ఉన్నాయి, లోహాల ఊసు లేదు. అయినా క్లయింట్ రెండేళ్లలో ఏయే ప్యాకెట్లు వాడారో ఆవిడకే గుర్తులేదు. అందుకని గాజు గిన్నెలో 20 వాల్యూమ్ (6 శాతం) పెరాక్సైడ్ 30 మి.లీ., 28 శాతం అమ్మోనియా ద్రావణం 20 చుక్కలు కలిపి, తల వెనుక అడుగు వరస నుంచి కత్తిరించిన చిన్న పాయను దారంతో కట్టి 30 నిమిషాలు ముంచాం. రాగి లవణం ఉంటే ద్రావణం నురగలు కక్కి వేడెక్కుతుంది, పాయ లాగితే ఊడివస్తుంది. సీసం ఉంటే రంగు వెంటనే తేలిపోతుంది. అసలు ఏ మార్పూ లేకపోతే నిశ్చింతగా ఉండకూడదు, వెండి పూత వెంట్రుకను కప్పేసి ఉన్నా అలాగే జరుగుతుంది. ఈ పాయ మెల్లగా, వేడి లేకుండా, కొద్దిగా గోధుమ వైపు తిరిగింది. అది మంచి సూచన. లోహం తేలితే బ్లీచ్ ముట్టుకోకూడదు, ఆ జుట్టు పెరిగి కత్తిరించేదాకా ఆగడమే.

మూడోది అసలు స్ట్రాండ్ టెస్ట్. మూడు భాగాలూ వచ్చేలా ఒక సన్నపాయ తీసుకుని, బ్లీచ్ పొడి ఒకటికి 20 వాల్యూమ్ డెవలపర్, అంటే పెరాక్సైడ్, రెండు పాళ్లు కలిపి, ఫాయిల్‌లో, హీట్ పెట్టకుండా 40 నిమిషాలు ఉంచాం. మాడు దగ్గరి సహజ భాగం 7కు ఎక్కింది. మధ్య భాగం 5 దగ్గర ఎర్ర నారింజలో ఆగింది. కొసల భాగం 4 దాటగానే ఎరుపులో మొండికేసింది. గోరింటాకులోని రంగు పదార్థం లాసోన్ వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఉంటుంది. బ్లీచ్ చుట్టూ ఉన్న మెలనిన్‌ను తీసేసినా అది అంత తేలిగ్గా వదలదు. నీలి ఆకు కలిసి ఉంటే ఈ దశలో ఆకుపచ్చ తేలేది. తేలలేదు కాబట్టి క్లయింట్ చెప్పింది నిజమే.

డై రిమూవర్‌ను కూడా ఇంకో పాయ మీద చూశాం. గంధకం వాసన వేసే ఈ రకం మందు ఆక్సిడేషన్ డై కణాలను చిన్నవి చేసి కడిగేస్తుంది, సహజ రంగును ముట్టుకోదు. ఇక్కడ అరమెట్టుకు మించి కదలలేదు, గోరింటాకు ఎరుపు అలాగే ఉంది. అరమెట్టు కోసం కొసలను అదనంగా ఒకసారి తడిపి, ఉబ్బించడం అనవసరం అనిపించి వదిలేశాం. గోరింటాకు లేని, ట్యూబ్ డై మాత్రమే ఉన్న తలల్లో ఇదే మందు చక్కగా పనిచేస్తుంది.

చివరగా సాగే గుణం. తడి వెంట్రుకను రెండు వేళ్ల మధ్య మెల్లగా లాగితే మూడో వంతు దాకా సాగి వెనక్కి రావాలి. సాగి అలాగే వేలాడితే లోపలి బంధాలు పోయినట్టు. సాగకుండా పుటుక్కున తెగితే ఎండిపోయినట్టు. మాడు, మధ్య భాగాలు బాగున్నాయి. కొసల్లో చివరి 10 సెంటీమీటర్లు సాగి, కాస్త ఆలస్యంగా వెనక్కి వచ్చాయి. ఆ చివరి 10 సెంటీమీటర్ల కోసమే పని రెండు సిట్టింగ్‌లుగా విడదీశాం, మధ్యలో కనీసం నాలుగు వారాలు. పెళ్లికి రెండు నెలలుంది కాబట్టి సమయం సరిపోయింది. రెండు వారాలే ఉండి ఉంటే మొదటి సిట్టింగ్ దగ్గరే ఆగి చెస్ట్‌నట్‌తో పంపేవాళ్లం.

మొదటి సిట్టింగ్

ముందు ఖనిజాలు లాగే చెలేటింగ్ షాంపూతో ఒకసారి తల కడిగాం, మాడును గోళ్లతో రుద్దకుండా. బోరు నీళ్లలోని ఇనుము, రాగి పెరాక్సైడ్‌తో కలిస్తే ఫాయిల్ లోపల అనుకోని వేడి పుడుతుంది. తర్వాత జుట్టు పూర్తిగా ఆరబెట్టాం. తడి మిగిలితే ఆ నీళ్లు డెవలపర్‌ను పలచన చేస్తాయి, ఒకచోట ఒకలా ఒకచోట ఒకలా లేతవుతుంది.

బ్లీచ్ కలిపేది ప్లాస్టిక్ గిన్నెలో, తూకం మీద. 30 గ్రాముల పొడికి 60 గ్రాముల 20 వాల్యూమ్ డెవలపర్, అంటే 6 శాతం పెరాక్సైడ్. స్కూప్‌తో అంచనాగా వేస్తే గిన్నె గిన్నెకూ బలం మారిపోతుంది. చిక్కదనం గిలక్కొట్టిన గడ్డ పెరుగులా ఉండాలి. జారితే ఫాయిల్ లోంచి మాడు వైపు పాకి మచ్చలు పడతాయి, మరీ గట్టిగా ఉంటే వెంట్రుకల మధ్యకు పోదు. ఇంత ఒత్తు జుట్టుకు నాలుగు గిన్నెలు పట్టాయి. ఒక్కసారే 120 గ్రాములు కలిపి పెట్టుకుంటే తలలో చివరి వరసకు వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. అందుకే 20 నిమిషాల్లో వాడుకునేంతే కలపాలి.

పొడి గిన్నెలో వేసేటప్పుడు ఎత్తు నుంచి కుమ్మరించవద్దు. అందులోని పర్‌సల్ఫేట్లు గాల్లో లేచి పీల్చినవాళ్లకు ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బసం తెప్పించగలవు. అద్దాలు బిగించిన ఏసీ సెలూన్లలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకుండా ఈ పని జరుగుతుండటం బాధాకరం. కలిపే బల్ల దగ్గర ఫ్యానో కిటికీయో తప్పనిసరి, మాస్కూ నైట్రైల్ గ్లవ్స్ కూడా. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలతోనే రోజంతా బ్లీచ్ కలిపిస్తారు కాబట్టి ఇది ముందు వాళ్ల ఊపిరితిత్తుల సంగతి.

20 వాల్యూమ్ ఎందుకు, 30 లేదా 40 ఎందుకు వద్దు? ఎక్కువ బలం వేస్తే సహజ మెలనిన్ వేగంగా పోతుంది, కృత్రిమ రంగు మాత్రం అంతే వేగంతో పోదు. రంగు కదిలేలోపు జుట్టు బలైపోతుంది. 6 శాతంతో నెమ్మదిగా, తేమ ఆరకుండా ఉంచితే ఎక్కువసేపు పనిచేస్తుంది. ఫాయిల్ ఎలాగూ మాడు వేడిని కొంత పట్టి ఉంచుతుంది. బ్లీచ్‌లో వెంట్రుక లోపలి బంధాలను కాపాడే బాండ్ బిల్డర్‌ను తయారీదారు చెప్పిన మోతాదులో కలిపాం. ఎక్కువ వేస్తే లేతయ్యే వేగం పడిపోతుంది, అప్పుడు చేయి తనంతట తానే 30 వాల్యూమ్ సీసా వైపు పోతుంది.

తలను నాలుగు భాగాలు చేసి మెడ పైనుంచి మొదలుపెట్టాం. అక్కడ జుట్టు ఒత్తు, ఎక్కువ సమయం కావాలి. ముఖం చుట్టూ ఉన్న సన్నటి వెంట్రుకలు త్వరగా లేతవుతాయి కాబట్టి చివరికి ఉంచాం. టెయిల్ కోంబ్‌తో 3, 4 మిల్లీమీటర్ల సన్నటి వీవ్ తీసి, అంటే వెంట్రుకలను విడిచి విడిచి ఏరి, పాయ పైభాగాన్ని వెనక్కి దువ్వి, అంటే టీజ్ చేసి, కింద మిగిలిన జుట్టుకే బ్లీచ్ పట్టించాం. టీజ్ చేసిన చోట గీత పడకుండా రంగు కలిసిపోతుంది. పాయను ఫాయిల్ మీద పరిస్తే వెంట్రుకల సందుల్లోంచి ఫాయిల్ కనబడాలి. కనబడకపోతే పాయ మందం ఎక్కువైనట్టు. మందపాటి పాయలో పైపొర లేతయి లోపల నల్లచారలు మిగలడం ఒత్తు జుట్టు మీద తరచూ జరిగేదే. బ్రష్‌తో ఒకవైపు పూసి ఊరుకోకుండా పాయను తిప్పి రెండోవైపూ పట్టించాలి.

వరస ముఖ్యం. పొరలు ఎక్కువున్న 30 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ముందు, తర్వాత 4 నుంచి 30, పావుగంట ఆగి చివరి 10 సెంటీమీటర్లు. మాడు దగ్గరి సహజ జుట్టును ఈ సిట్టింగ్‌లో అసలు ముట్టుకోలేదు.

పది నిమిషాలకోసారి ఫాయిల్ తెరిచి, తడి దూదితో కొంచెం తుడిచి చూశాం. బ్లీచ్ కింద రంగు ఎప్పుడూ ఉన్నదానికన్నా లేతగా కనిపిస్తుంది, తుడవకుండా తీర్పు చెప్పకూడదు. 30 నిమిషాలకు మధ్యభాగం 5 దగ్గర, కొసల భాగం ఇంకా ఎరుపులో. ఇక్కడే చాలామంది డ్రయ్యర్ వేడి పెట్టేస్తారు. వేడి వల్ల పైన మిశ్రమం ఎండిపోతుంది. ఎండిన బ్లీచ్ పనిచేయదు, కింద వెంట్రుక మాత్రం ఉబ్బి పెళుసవుతుంది. వేడి బదులు ఆ భాగం మీది పాత మిశ్రమాన్ని తుడిచేసి, తాజాగా కలిపిన 20 వాల్యూమ్ బ్లీచ్‌ను అక్కడ మాత్రమే ఇంకో 20 నిమిషాలు ఉంచాం. ఎరుపు విరిగి ఎర్ర నారింజలోకి వచ్చింది. 5 దాటలేదు, సాగే గుణం ఇంకా బాగుంది. 6 కోసం మూడోసారి పట్టించకుండా కడిగేశాం. 6 దాకా లాగితే కొసలు తెగవు గానీ, రెండో సిట్టింగ్‌కు వాటిలో ఓపిక మిగలదు.

కడిగింది గోరువెచ్చటి నీళ్లతో, తర్వాత తక్కువ పీహెచ్ ఉన్న షాంపూ, బాండ్ ట్రీట్‌మెంట్ రెండో దశ. నాలుగు వారాలు ఎర్ర నారింజ తలతో ఆఫీసుకు వెళ్లమనలేం కదా. అందుకని 5.1, 5.3 డెమీ పర్మనెంట్ (కొన్ని వారాల్లో పలచబడే రంగు) 20 గ్రాముల చొప్పున, 1.9 శాతం డెవలపర్ 80 గ్రాములతో కలిపి 20 నిమిషాలు. నీలం ఛాయ నారింజను అణిచింది, బంగారు ఛాయ చావుకళ రాకుండా కాపాడింది, మామూలు మీడియం బ్రౌన్ వచ్చింది. ఇక్కడ పర్మనెంట్ ట్యూబ్ వాడితే వచ్చేసారి మళ్లీ అదే కృత్రిమ రంగును బ్లీచ్‌తో తీయాల్సి వస్తుంది. డెమీ చాలామటుకు వాడకంలోనే పలచబడి పోతుంది.

షేడ్ నంబర్ల గురించి ఒక హెచ్చరిక. ఈ కేసులోని నంబర్లు లోరియల్ తరహా లెక్కలో రాసినవి, అందులో చుక్కకు ముందు అంకె లెవెల్, తర్వాతది ఛాయ. .1 అంటే నీలం వైపు బూడిద, .3 అంటే బంగారు. అదే లోరియల్‌లో .2 వయొలెట్ వైపు ఉంటే, వెల్లాలో /2 మ్యాట్, అంటే ఆకుపచ్చ. లోరియల్ .7 ఆకుపచ్చ వైపు అయితే వెల్లా /7 గోధుమ. నంబర్ చూసి ఒక కంపెనీ ఫార్ములాను ఇంకో కంపెనీ ట్యూబులతో కలిపేస్తే ఏం రంగు వస్తుందో దేవుడికే తెలియాలి. మీ దగ్గరున్న షేడ్ చార్ట్‌లో అడుగు రంగు ఏమిటో చూసి మార్చుకోవాలి.

రెండో సిట్టింగ్

నాలుగు వారాలు దాటాక వచ్చారు. డెమీ పలచబడి నారింజ కాస్త తొంగిచూస్తోంది. సాగే గుణం పరీక్షలో చివరి 10 సెంటీమీటర్లు మొదటిసారి ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, దిగజారలేదు. దిగజారి ఉంటే కొసలు వదిలేసి పైన మాత్రమే చేసేవాళ్లం.

క్రితంసారి లేత చేసిన వెంట్రుకలనే మళ్లీ ఏరి ఫాయిల్‌లో పెట్టాం. పక్కనున్న ముదురు వెంట్రుకలను కలిపేస్తే హైలైట్ లోతు పోయి తల అంతా ఒకే రంగు అయిపోతుంది. మిశ్రమం అదే 1:2. 5 నుంచి 50 సెంటీమీటర్ల దాకా 20 వాల్యూమ్, చివరి 10 సెంటీమీటర్లకు 10 వాల్యూమ్, అంటే 3 శాతం. కొత్తగా పెరిగిన దానితో కలిపి సహజ జుట్టు ఇప్పుడు 5 సెంటీమీటర్లు దాటింది. అందులో మాడు వైపు 3 సెంటీమీటర్లు వదిలి, కింది భాగాన్ని టీజ్ చేసి, చివరి 20 నిమిషాల్లో మాత్రమే పట్టించాం. సహజ జుట్టు త్వరగా లేతవుతుంది, పైగా మాడు వేడి దానికి తోడు. అన్నీ ఒకేసారి పూస్తే మధ్యభాగం నారింజలో ఉండగానే పైన పసుపు పట్టీ పడుతుంది. కాటన్ చీర అంచులా ఆ పట్టీ దూరం నుంచే కనబడుతుంది, లేత చేశాక ఛాయ సరిదిద్దే టోనర్‌తో కప్పినా రెండు వారాల్లో మళ్లీ బయటికి వస్తుంది.

ఫాయిళ్లు పనిచేస్తుండగా కణతల దగ్గరి నెరుపుకు 4.0 పర్మనెంట్ 30 గ్రాములు, 6 శాతం డెవలపర్ 45 గ్రాములు, పొడి జుట్టు మీద 35 నిమిషాలు. సహజం 2 అయినా 4.0 ఎంచుకున్నాం. కింద కారమెల్ ఉన్నప్పుడు కణతల దగ్గర కటిక నలుపు ముఖాన్ని బిగించి చూపిస్తుంది. తెల్ల వెంట్రుకలు పెరిగినప్పుడు కూడా 4.0 పక్కన తేడా త్వరగా కొట్టొచ్చినట్టు కనిపించదు. నెరుపు మీద 10 వాల్యూమ్ వాడితే రంగు సరిగ్గా లోపలికి దిగదు. వెంట్రుక తెరుచుకోవడానికి ఆ 6 శాతం అవసరం.

45 నిమిషాలకు మధ్యభాగం 7లో పసుపు నారింజ. కొసలు 6కూ 7కూ మధ్య. ముఖం చుట్టూ 35 నిమిషాలకే 7 వచ్చేసింది, ఆ ఫాయిళ్లు ముందే తీసి తడిగుడ్డతో తుడిచాం.

టోనర్ మూడు గిన్నెల్లో కలిపాం, అన్నీ డెమీ, 1.9 శాతం డెవలపర్‌తో 1:2. మాడు నుంచి దాదాపు 5 సెంటీమీటర్ల దాకా 5.0, బ్రష్‌తో కిందికి లాగి గీత లేకుండా. మధ్యభాగానికి 7.31 మూడు పాళ్లు, 7.1 ఒక పాలు. కొసలకు 7.31, 7.3 సమపాళ్లలో, బూడిద ఛాయ అదనంగా వేయకుండా. గుల్లబారిన కొసలు చల్లటి ఛాయను గబుక్కున పీల్చుకుంటాయి. మధ్యభాగానికి సరిపోయిన ఫార్ములానే అక్కడ వేస్తే కొసలు పాచి రంగులోకి తిరుగుతాయి. అందుకే కొసలకు చివర్లో పెట్టి, మధ్యభాగానికి 12 నిమిషాలు ఇస్తే కొసలకు 7 నిమిషాలే ఇచ్చాం. రెండు నిమిషాలకోసారి తుడిచి చూడాల్సిన పని ఇది. టోనర్ పెట్టి ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లకూడదు.

ఆరబెట్టాక మధ్యభాగం తేనె కలిసిన గోధుమ, కొసలు ఒక వన్నె వెచ్చగా. గది బల్బుల వెలుగు పసుపుగా ఉంటుంది కాబట్టి ఫలితాన్ని వాకిట్లో పగటి వెలుగులో చూసి ఖాయం చేశాం. కొసలు 3 సెంటీమీటర్లు కత్తిరించాం.

ఇంటి జాగ్రత్తలు

తలస్నానం వారానికి రెండుసార్లు, సల్ఫేట్ లేని షాంపూతో. కుంకుడు రసం జిడ్డుతో పాటు టోనర్‌నూ లాగేస్తుంది, హైలైట్లు ఉన్నన్నాళ్లూ వద్దన్నాం. కొబ్బరినూనె స్నానానికి ముందురాత్రి కొసలకు రాసుకోవచ్చు, అది మంచిదే. బోరు నీళ్లు తప్పవు కాబట్టి నెలకోసారి చెలేటింగ్ షాంపూ, చివరి మగ్గు ఫిల్టర్ నీళ్లు. నారింజ తేలితే నీలం షాంపూ, పది రోజులకోసారి, రెండు మూడు నిమిషాలు. మార్కెట్‌లో అందరూ పొగిడే ఊదా షాంపూ పసుపును అణిచేందుకు, 9, 10 లెవెళ్ల బ్లాండ్‌కు. 7 లెవెల్ నారింజ మీద దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. స్ట్రెయిట్‌నర్ 180 డిగ్రీలు దాటకూడదు.

రెండు విషయాలు మాత్రం కాగితం మీద రాసిచ్చాం. లేత చేసిన జుట్టు మీద గోరింటాకు పెడితే మండే నారింజ వస్తుంది, దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. పెళ్లిళ్ల సీజన్లో ఇంట్లో అందరితో పాటు తలకు పెట్టేసుకునే ప్రమాదం ఉంది. రెండోది, కణతల దగ్గర నాలుగైదు వారాలకోసారి కొత్తగా పెరిగిన వెంట్రుకకే రంగు వేయాలి. ప్రతిసారీ కొసల దాకా లాగడం వల్లే ఆ 30 సెంటీమీటర్ల దిగువ భాగం అంత బరువెక్కింది.

ఆరు వారాలకు టోనర్ రిఫ్రెష్‌కు వచ్చినప్పుడు మధ్యభాగం నిలిచి ఉంది, కొసల్లో గోరింటాకు వెచ్చదనం మళ్లీ తేలింది. బ్లీచ్ ముట్టుకోలేదు. కొసల ఫార్ములాలో 7.3 తగ్గించి 7.31 మూడు పాళ్లు, 7.3 ఒక పాలు చేసి 8 నిమిషాలు ఉంచితే సర్దుకుంది. కార్డులో మూడు భాగాల ఫార్ములాలు, నిమిషాలు, వాడిన పొడి గ్రాములు, ప్యాచ్ టెస్ట్ తేదీ విడివిడిగా రాసి ఉంచాం.

ఇంకాస్త లేత రంగు ఎప్పుడు చేయొచ్చని ఆవిడ అడిగారు. ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది, మూడు నెలలకోసారి 4 సెంటీమీటర్లు కత్తిరిస్తూ పోతే గోరింటాకు ఉన్న ఆ చివరి భాగం రెండేళ్లలో పూర్తిగా పోతుంది. అప్పుడు పైనుంచి కిందికి రెండే రకాల జుట్టు మిగులుతుంది, లెవెల్ 8 గురించి స్ట్రాండ్ టెస్ట్‌తో మళ్లీ మాట్లాడుకోవచ్చని చెప్పాం. అందాకా ఆరేడు వారాలకోసారి టోనర్, కణతల దగ్గర 4.0, అంతే.